అంత పెద్ద బందరు రేవు ఎందుకు చిన్నబోయింది?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు హయత్‌నగర్‌లో ఉంటారు. సంక్రాంతి సెలవులకి పిల్లలతో మచిలీపట్నం, అదే బందరు, వెళ్లొచ్చారు. గోల్కొండ సుల్తానుల కాలంలో అది మహా రేవు అని చదివి వెళ్తే మంగినపూడిలో నల్ల బురద, కోట దగ్గర చెట్లు మొలిచిన గోడలు, పక్కనే ఓ ఉప్పుటేరు తప్ప ఏమీ కనిపించలేదు. ఏడో తరగతి చదివే మీ అమ్మాయి "ఇంత బురదలోకి అంత పెద్ద ఓడలు ఎలా వచ్చాయి నాన్నా?" అని అడిగింది. చుట్టుపక్కల వాళ్లలో ఒకరు సముద్రం వెనక్కి పోయిందన్నారు, ఒకరు కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు మేట వేసిందన్నారు, ఇంకొకరు ఉప్పెన మింగేసిందన్నారు. ఇందులో ఏది నిజమని మీరు అడుగుతున్నారు.

మీ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు: ఓడలు ఆ బురదలోకి ఎప్పుడూ రాలేదు. బందరు ముందు సముద్రం ఈనాడు ఎంత పల్చగా ఉందో గోల్కొండ రోజుల్లోనూ దాదాపు అంతే. పెద్ద ఓడలు నాలుగైదు మైళ్ల దూరంలో లంగరు వేసుకుని నిలబడేవి. సరుకంతా చిన్న పడవల మీద పోటు చూసుకుని మొగలోంచి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటునుంచి, లోపలికి వచ్చేది. కాబట్టి రేవు పూడిపోయి ఊరు చితికిందనే మాట నిలబడదు. బందరు వెనక ఉన్న రాజధాని పడిపోయింది, దాంతో బందరుకి గిరాకీ పోయింది. ఆ రాజధాని మన హైదరాబాదే. ఉప్పెన నిజమే గానీ, అది వచ్చేనాటికి ఊరి వర్తకం అప్పటికే చితికిపోయింది.

నాది బందరే. చదువయ్యాక హైదరాబాదు వచ్చి ఇక్కడి డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్లకి పైగా భూగోళం చెప్పాను. దాదాపు ఏటా ఒక జట్టు పిల్లల్ని బందరు తీసుకెళ్లేవాణ్ణి. అందుకని ఈ ప్రశ్నకి కొంచెం పొడుగ్గానే జవాబు రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదటి ఏడెనిమిదేళ్లు నేను కూడా తరగతిలో "ఒండ్రు మేట వల్ల మచిలీపట్నం రేవు పాడైంది" అనే చెప్పాను. నోట్సులో అలాగే ఉండేది. ఒక ఏడాది బందరు పక్కనున్న జాలర్ల రేవు గిలకలదిండిలో ఒక పెద్దాయన పడవ ఎక్కాం. ఆయన చేతిలో గెడ ఉంది. మొగ దాటి సముద్రంలోకి బాగా పోయాక గెడ నీళ్లలోకి దించాడు. అడుగు తగిలింది, ఇంకా కిందికి నొక్కితే మరో మూరెడు మెత్తగా దిగిపోయింది. పైకి లాగితే దాని చివర నల్లటి జిగురు బురద, నలిపితే వెన్నలా ఉంది. "ఇది మా తాత నాడూ ఇంతే మేష్టారూ. ఇసక అయితే లంగరు జారిద్ది. బురదలో పడిందంటే కదల్దు" అన్నాడు. బురద రేవుకి శత్రువనుకుంటున్న నాకు ఆ మాటతో అది రేవుకి బలం కూడా అని తెలిసింది. ఇంటికొచ్చాక పాత యాత్రికుల రాతలు మళ్లీ తీశాను.

టావెర్నియర్ అని ఫ్రాన్సు దేశపు వజ్రాల వ్యాపారి ఉండేవాడు. 1652లో ఇరాన్ తీరంలోని బందర్ అబ్బాస్ దగ్గర ఓడెక్కి మన బందర్లో దిగాడు. ఎక్కిన ఓడ గోల్కొండ సుల్తానుది. ఊరిని ఆయన పెద్దగా మెచ్చుకోలేదు. చెక్క ఇళ్లు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయన్నాడు. అయితే ఓడలు లంగరు వేసే చోటు మాత్రం బంగాళాఖాతం మొత్తంలో ఇదే మేలైనదని రాశాడు. ఇక్కణ్ణుంచి పెగూకి, సయాముకి, అరకానుకి, బెంగాలుకి, మక్కాకి, హోర్ముజ్‌కి, సుమత్రాకి, మనీలా దీవులకి ఓడలు పోతాయని వరసగా చెప్పాడు. లోతు లేని తీరానికి ఆ పేరెలా వచ్చింది?

భూగోళం పటం తీసి చూడండి. కృష్ణ పులిగడ్డ దాటాక పాయలుగా చీలి సముద్రంలోకి చొచ్చుకుపోయింది. దివిసీమ ఒక ముక్కులా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. బందరు ఆ ముక్కుకి ఉత్తరాన, దాని చాటున ఉంది. నైరుతి గాలుల రోజుల్లో దక్షిణం నుంచి వచ్చే అలల దెబ్బ చాలావరకు దివి మీదే పడుతుంది. ఇక సముద్రం అడుగు చాలా మెల్లగా పల్లమవుతూ పోతుంది కాబట్టి అలలు ఒడ్డుకి చేరేలోపే నీరసపడతాయి. మంగినపూడిలో మీ పిల్లలు మోకాళ్ల లోతులో చాలా దూరం నడిచి ఉంటారు. ఆ పల్లం లేనితనమే అలల్ని చంపేది. దానికి బురద అడుగు తోడైతే లంగరు కదలదు. ఈ మూడింటి వల్లే దూరంగా ఆగిన ఓడ నిశ్చింతగా నిలబడేది.

అయితే ఈ నిశ్చింత ఏడాది పొడుగునా ఉండేది కాదు. అక్టోబరు సగం నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. ఆ రోజుల్లో తెలిసిన నావికుడెవడూ ఈ తీరంలో లంగరు వేసుకుని కూర్చునేవాడు కాదు.

సముద్రం వెనక్కి పోయిందన్న మాటలో కొంత నిజముంది, కాలం లెక్కే తప్పు. రెండు వేల ఏళ్ల కిందటి సంగతి తీసుకుంటే డెల్టా పెరిగింది, తీరం జరిగింది. బందరుకి పడమటగా ఉన్న ఘంటసాల ఒకప్పుడు వర్తకపు పట్నం, అక్కడ బౌద్ధ స్తూపం బయటపడింది. పాతకాలపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన కొంటకోసిలా అదేనని చరిత్రకారులు గుర్తించారు. ఈనాడు అక్కణ్ణుంచి సముద్రం కనపడదు. అదే కాలంలో గ్రీకు నావికులు ఈ సీమని మసాలియా, మైసోలియా అన్నారు, ఇక్కడ సన్నని నూలు బట్ట విరివిగా తయారవుతుందని రాసుకున్నారు. అంటే బట్టకీ ఈ ఊరికీ చుట్టరికం గోల్కొండ కంటే చాలా పాతది. కానీ గడిచిన మూడు, నాలుగు వందల ఏళ్ల లెక్కలో తీరం పారిపోయిందనడానికి లేదు. మీరు చూసిన కోట ఇప్పటికీ ఉప్పుటేరు ఒడ్డునే ఉంది కదా. పోటు వచ్చినప్పుడు నీళ్లు ఇప్పటికీ అక్కడిదాకా వస్తాయి.

ఇప్పుడు అసలు విషయం, ఈ ఊరు ఎలా లేచిందో. 1500ల మొదటి సగంలో గోల్కొండ మొదటి సుల్తాను సుల్తాన్ కులీ కొండపల్లి దాకా గెలుచుకున్నాడు. ఆ తరవాత కృష్ణా డెల్టా గోల్కొండ చేతికి వచ్చింది. గోల్కొండ నడినేల మీది రాజ్యం. దానికి గుర్రాలు కావాలి, పట్టు కావాలి, ఇరాన్ నుంచి మనుషులు కావాలి. పడమటి తీరం దారిలో బిజాపూరు, పోర్చుగీసువాళ్లు అడ్డం. తూర్పున ఈ ఒక్క తలుపు తెరిచి ఉంది. 1591లో హైదరాబాదు కట్టాక కొనేవాళ్లు ఇంకా పెరిగారు. సుల్తాను, అమీర్లు, వాళ్ల సైన్యం, వాళ్ల జనానా, అందరికీ కావలసిన సరుకు దిగే రేవు బందరు. "బందర్" అంటే పారశీకంలో రేవు. మచిలీపట్నం అనే పేరు కాగితాల మీద ఉంటుంది, ఊళ్లోవాళ్ల నోట ఇప్పటికీ బందరే.

మీ ఇంటి ముందు రోడ్డుకీ ఈ కథకీ సంబంధం ఉంది. హయత్‌నగర్ అంటే హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు. ఆమె హైదరాబాదు కట్టిన సుల్తాను మహమ్మద్ కులీ కూతురు, తరవాత సుల్తానైన అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. అక్కడి మసీదు చుట్టూ బాటసారులు దిగడానికి వరసగా గదులు కట్టించిన సరాయి ఉంది, పక్కన ఏనుగుల బావి ఉంది. అంత పెద్ద సరాయి ఊరి బయట ఎందుకు? బందరు దారిలో మొదటి మజిలీల్లో అదొకటి కాబట్టి. టావెర్నియర్ రాసిన మజిలీల పట్టికలో కూడా గోల్కొండ దాటాక రెండో పేరు హయత్‌నగరే. ఇప్పుడు మీరు ఆఫీసుకి వెళ్లే 65వ జాతీయ రహదారి పుణెలో మొదలై, హైదరాబాదు, సూర్యాపేట, కోదాడ, విజయవాడ మీదుగా ఎక్కడ ఆగుతుందో తెలుసా? మచిలీపట్నంలో. మీరు బందరు వెళ్లినప్పుడు నాలుగు వందల ఏళ్లనాటి వర్తకుల దారినే పోయారు.

ఆ దారిలో బళ్లు నడిచేవి కావు. వాగులు, చెరువులు, కొండలు అడ్డం. సరుకంతా పెరికె ఎద్దుల మీదే, అంటే వీపు మీద సంచులు మోసే ఎద్దుల మీదే. లంబాడీల బిడారులు వందల ఎద్దులతో సాగేవి. బందరు నుంచి ఉప్పు, మిరియాలు, రాగి, తగరం, చైనా పింగాణీ పైకి వచ్చేవి. కిందికి బట్ట, ఇనుము, వజ్రాలు దిగేవి. వజ్రాల గని కొల్లూరు కూడా కృష్ణ ఒడ్డునే, ఈ దారికి దగ్గరలోనే ఉండేది. ఇప్పుడది పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది.

ఇక బట్ట. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే రేవు బతికింది దీని మీదే. మచిలీపట్నం కలంకారీ అని మనం అనేది ఇప్పుడు పెడనలో తయారవుతుంది, బందరుకి పది కిలోమీటర్ల లోపే. నేను పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఒక అద్దకం షెడ్డులో సగం రోజు కూర్చోబెట్టేవాణ్ణి. ముందు బట్టని కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. అప్పుడు బట్ట లేత పసుపు రంగుకి తిరుగుతుంది, కొద్దిగా వగరు వాసన వేస్తుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. ఆ నీళ్లు చూడ్డానికి టీ డికాషన్‌లా ఉంటాయి. టేకు అచ్చుని అందులో అద్ది బట్ట మీద పెట్టి చేత్తో ఒక్కసారి గుద్దుతారు. అచ్చు ఎత్తేలోపే, కరక్కాయ తగిలిన చోట ఆ పల్చటి నీళ్లు నల్లగా మారిపోతాయి. ఆ క్షణం చూసిన పిల్ల ఎవరూ మర్చిపోరు. ఎరుపు పడాల్సిన చోట పటిక అద్దుతారు, తరవాత వేరు వేసి ఉడకబెడితే పటిక ఉన్నచోట్లే ఎరుపు పట్టుకుంటుంది. పాతరోజుల్లో ఆ వేరు చిరివేరు. ఈ తీరపు ఇసక నేలల్లో పెరిగేది. డెల్టా కాలవ నీళ్లలో జాడించాక ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకీ పోదు. ఇక్కడి ఇసకలో పెరిగిన వేరు, ఇక్కడి పారే నీళ్లు, ఇక్కడి ఎండ, ఈ మూడూ కలిస్తేనే ఆ రంగు. ఇరాన్ వాళ్లకి అందులో వాళ్ల తోటలు, పువ్వులు కావాలి. జావా వైపు వాళ్లకి ఇంకో రకం. ఐరోపా వాళ్లు దాన్నే ఛింట్జ్ అని వెర్రెత్తినట్టు కొన్నారు. 19వ శతాబ్దం చివర్లో జర్మనీ నుంచి కృత్రిమ ఎరుపు రంగు వచ్చేదాకా చిరివేరే రాజు.

ఆ బట్ట కోసమే అందరూ దిగారు. డచ్చివాళ్లు 1605లో కోఠీ, అంటే వర్తకపు గిడ్డంగి, పెట్టారు. ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ ఓడ 1611లో వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ ఓడలో వర్తకం నడిపిన ఫ్లోరిస్, ఆంథియునిస్ ఇద్దరూ డచ్చి దేశస్థులే. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఏడాదికి 500 వరహాల సుంకం మీద ఇంగ్లీషువాళ్లకి తన రేవుల్లో వ్యాపారానికి బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఫ్రెంచివాళ్లు 1669లో వచ్చారు. వీళ్లందరి కంటే ముందునుంచీ ఇరానీ వర్తకులు ఇక్కడ పాతుకుపోయి ఉన్నారు. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి నూనె వర్తకుడి కొడుకొకడు వచ్చి, బందరుకి హవాల్దారై, అంటే ఊరి పాలనాధికారై, అక్కణ్ణుంచి గోల్కొండ ప్రధాని స్థాయికి ఎదిగాడు. ఆయనే మీర్ జుమ్లా.

ఈ జాతులన్నీ ఎక్కడున్నాయని మ్యూజియంలో వెతకొద్దు. పేటల పేర్లు వినండి. ఆటోలో కూర్చుని ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అని చెప్పండి, డ్రైవరు తిన్నగా తీసుకెళ్తాడు. వలందులంటే డచ్చివాళ్లు, హాలండు నుంచి వచ్చారు కాబట్టి. పరాసులంటే ఫ్రెంచివాళ్లు. మన నోటికి నలిగి, తెలుగు పేర్లయిపోయాయి. నేను పెరిగిన వీధి నుంచి పరాసుపేటకి నడిచి వెళ్లేవాళ్లం. ఆ పేరు అర్థం నాకు తెలిసింది కాలేజీలో చేరాక. అప్పటిదాకా పరాసు అంటే ఎవరో పెద్దాయన ఇంటిపేరనుకునేవాణ్ణి. మీ అమ్మాయి ప్రాజెక్టుకి ఈ మూడు పేర్లు చాలు, ఒక్కోటీ ఒక పాఠం.

మరి ఇంత ఉన్న ఊరు ఎలా జారింది?

మొదటి దెబ్బ ఇంగ్లీషువాళ్ల లెక్కలోంచి వచ్చింది. బందర్లో వాళ్లు కిరాయిదార్లు. సుంకం కట్టాలి, హవాల్దారు చెప్పినట్టు వినాలి, కోట కట్టుకోవడానికి వీల్లేదు. 1639లో దక్షిణాన నాయకుల దగ్గర మద్రాసు అనే ఇసక ఒడ్డు దొరికింది, కోట కట్టుకోవడానికి అనుమతీ దొరికింది. 1641లో తూర్పుతీరపు పెద్ద కచేరీని బందరు నుంచి అక్కడికి మార్చేశారు. ఇక్కడొక్క నిమిషం ఆగండి. మేట సిద్ధాంతం నమ్మేవాళ్లకి నేను చెప్పే జవాబు ఇదే. మద్రాసు తీరం బందరు కంటే అధ్వానం. దివి లాంటి చాటు లేదు, అలలు నేరుగా ఒడ్డుని బాదుతాయి. రెండు వందల ఏళ్లకి పైగా అక్కడ కూడా ఓడలు దూరంగానే నిలిచాయి, మనుషులు తడిసి ముద్దై పడవల్లో దిగారు. రాతిగోడలు కట్టి కృత్రిమ రేవు మొదలుపెట్టింది 1876లో. రేవు నాణ్యతే ఊరి రాత రాస్తుందంటే మద్రాసు ఈనాటికీ పల్లెగానే ఉండాలి. అది మహానగరమైంది. దాని వెనక కోట, అధికారం ఉన్నాయి కాబట్టి.

రెండోది, అసలు దెబ్బ, 1687. ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తరవాత గోల్కొండని పట్టుకున్నాడు. అంతకుముందు ఏడే, 1686లో, డచ్చివాళ్లు బందరుని బలవంతంగా ఆక్రమించారు. సుల్తాను ఉత్తరం వైపు పోరులో మునిగి ఉన్నప్పుడు రేవుని కాచేవాడు లేడు. గోల్కొండ కోట పడ్డాక సుల్తాను ఓడల్లేవు, అమీర్లు లేరు, వజ్రాలు కొనేవాళ్లు లేరు, ఇరాన్ నుంచి కొలువు కోసం వచ్చేవాళ్లు లేరు. దక్కను అధికారం ఔరంగాబాదుకి పోయింది. బందరు నీళ్లలో అంగుళం తేడా రాలేదు, ఒండ్రు ఎప్పట్లాగే వచ్చింది. కొనేవాడు మాత్రం పోయాడు.

మూడోది చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది. 1750లో బందరు ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ చిత్తడి నేలలు దాటి రాత్రివేళ కోట మీద పడి పట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్లకి సాయంగా బయల్దేరిన దక్కను పాలకుడు సలాబత్ జంగ్ అప్పటికి దగ్గరలోనే ఉన్నాడు. కోట పోయిందని తెలిసి, వచ్చే నెలలోనే ఇంగ్లీషువాళ్లతో సంధి చేసుకుని బందరుని వాళ్లకే ఇనాముగా రాసిచ్చాడు. 1766లో ఆయన తరవాత వచ్చిన నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులు, అంటే ఈ కోస్తా జిల్లాలు, మొత్తం వదులుకున్నాడు. సరిగ్గా ఆ 1760ల్లోనే హైదరాబాదు మళ్లీ రాజధానిగా లేస్తోంది. అంటే బందరుకి పాత కొనుగోలుదారు తిరిగొచ్చే వేళకి మధ్యలో సరిహద్దు పడింది. 1802 వర్తక ఒప్పందంలో నిజాముకి మచిలీపట్నం రేవుని వాడుకునే హక్కు రాసుకున్నారు. హైదరాబాదు ఆ రేవుని ఎంతగా తలుచుకుందో దాన్నిబట్టి తెలుస్తుంది. హక్కు కాగితం మీద ఉంది, వర్తకం అప్పటికే మద్రాసుది.

ఆపైన మాంచెస్టరు మిల్లు బట్ట వచ్చి అద్దకం వాళ్ల నోటికాడి కూడు తీసింది. అది దేశమంతా జరిగిన కథే, ఇక్కడ పెంచను.

ఇక ఉప్పెన. 1864 నవంబరు 1 రాత్రి. తుపాను గాలికి సముద్రం లేచి ఊరి మీద పడింది. మంగినపూడిలో అలల్ని చంపే పల్చటి సముద్రమే, తుపాను వస్తే నీళ్లని గోడలా పైకి లేపుతుంది. లోతున్న చోట నీళ్లు కిందకి, పక్కలకి సర్దుకుంటాయి. ఇక్కడ వాటికి పోయే చోటు లేదు, ఒడ్డు మీదికి రావాలి. ఒడ్డు చూస్తే బల్లపరుపు, ఒక మిట్ట లేదు. ఆ ఒక్క రాత్రి సుమారు 30,000 మంది పోయారని లెక్క. మా ఇంట్లో ఆ రాత్రి మాట మా నాయనమ్మ చెప్పేది, ఆవిడకి వాళ్ల నాయనమ్మ చెప్పిందట. నీళ్లు రావడం కంటే పోవడం భయమట. తీసేటప్పుడు ఇళ్లలోంచి మనుషుల్ని లాక్కుపోయిందని. ఆ తరవాత కోటలో దళాన్ని కొనసాగించలేదు. మీరు చూసిన గోడలకి చెట్లు మొలవడం అప్పుడు మొదలైంది. 1977 నవంబరు 19న దివిసీమని ముంచింది కూడా ఇదే తీరు ఉప్పెన, పదివేల మందికి పైగా చనిపోయారు. అందుకే బందరు వెళ్లేవాళ్లకి అక్టోబరు చివర, నవంబరు వద్దని చెబుతాను. వెళ్లక తప్పకపోతే వాతావరణ శాఖ హెచ్చరిక చూసే బయల్దేరండి, అక్కడి జాలర్లు వద్దంటే మారు మాట్లాడకండి.

మేట సంగతి పూర్తిగా కొట్టిపారేస్తున్నానని అనుకోవద్దు. ఓడలు చిన్నవిగా, పడవలకి కూలి చవగ్గా ఉన్నంతకాలం పల్చటి నీళ్లు ఇబ్బంది కాలేదు. ఆవిరి ఓడలు పెద్దవయ్యాక, అవి గట్టుని ఆనుకుని సరుకు దించుకోవాలని కోరుకున్నాక, లోతు లేకపోవడం నిజమైన లోటయింది. 1889లో హైదరాబాదు రైలు బెజవాడ చేరింది. 1933లో విశాఖలో సహజ కొండచాటున లోతైన రేవు తెరుచుకుంది. అప్పుడు బందరు పోటీలోనే లేదు. గిలకలదిండిలో మరపడవలవాళ్లు ఇవాళ్టికీ "మొగ పూడిపోయింది, పోటు లేనిదే బయటికి పోలేం" అని బాధపడతారు. అది వాళ్ల రోజువారీ కష్టం, చిన్నది కాదు. ఇప్పుడు కడుతున్న కొత్త ఓడరేవుకి కూడా కాలవ తవ్వడం, తవ్విన కాలవ మళ్లీ పూడకుండా సముద్రంలోకి రాతిగోడలు వేయడం తప్పనిసరి. తవ్వకం ఒకసారితో అయ్యేది కాదు, రేవు నడిచినన్నాళ్లూ తవ్వుతూనే ఉండాలి. ఆ ఖర్చు మోయాలంటే వెనక సరుకు ఉండాలి. నా దృష్టిలో తెలంగాణ నుంచి ఎంత సరుకు ఆ దారి పడుతుందన్నదే ఆ రేవు భవిష్యత్తుని తేలుస్తుంది. నాలుగు వందల ఏళ్ల కింద తేల్చింది కూడా అదే.

రేవు పోయాక ఊరు చచ్చిపోలేదు, చదువు వైపు తిరిగింది. నోబుల్ కాలేజీ 1843 నాటిది. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఇక్కడే పుట్టాయి. 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకుని ఇక్కడే పెట్టారు. తరవాత దాని ప్రధాన కార్యాలయం కూడా హైదరాబాదుకే చేరింది. మా తరం వాళ్లం కూడా అంతే, అదే రోడ్డు పట్టుకుని వచ్చాం. ఇప్పుడు జిల్లాకి ముఖ్యపట్నం బందరే. 2011 జనగణన ప్రకారం జనాభా లక్షా డెబ్బై వేలకి అటూఇటూ.

మీరు మళ్లీ వెళ్తే ఎలా చూడాలో చెబుతాను, ఎందుకంటే మొదటిసారి మీరు చూడాల్సింది చూడకుండా వచ్చారనిపించింది. బయల్దేరే ముందు రోజు సాయంత్రం హయత్‌నగర్ మసీదు, సరాయి గదులు, ఏనుగుల బావి అమ్మాయికి చూపించండి. మీ ఇంటికి నడిచేంత దూరమే. తరవాత సికింద్రాబాదులో బీదర్-మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి బందరు. దూరం 350 కిలోమీటర్ల దాకా ఉంటుంది. టావెర్నియర్ కాలంలో వారం, పది రోజుల ప్రయాణం.

పొద్దున్నే కోటకి వెళ్లండి, పాటు వేళ, అంటే నీళ్లు తీసే వేళ, అయితే మంచిది. ఉప్పుటేరు అడుగు బయటపడి, పడవలు ఒరిగి బురదలో కూర్చుని ఉంటాయి. నాలుగైదు గంటలు ఆగి మళ్లీ రండి. అవే పడవలు నీళ్లలో తేలుతుంటాయి. సరుకు లోపలికి ఎలా వచ్చేదో అమ్మాయికి మీరు ఒక్క మాట కూడా చెప్పక్కర్లేదు. ఆ మధ్య వేళలో డచ్చి సమాధుల దగ్గరికి వెళ్లండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు, డచ్చి అక్షరాలు, 1600ల నాటి తేదీలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. అమ్మాయిని ఒక కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్ది అచ్చు తీసుకోమందామని మీకు అనిపిస్తుంది. వద్దు, రాయి అరుగుతుంది. ఫోటో తీసుకోండి.

మధ్యాహ్నం పెడన. అద్దకం షెడ్లలో ఎవరినైనా మర్యాదగా అడిగితే చూడనిస్తారు, ఒక దుప్పటో చీరో కొనండి. తిరుగు దారిలో తొక్కుడు లడ్డూ. శనగపిండి కారప్పూసలా వేయించి, రోట్లో దంచి, బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్లీ దంచుతారు, అందుకే ఆ పేరు. వేడిగా ఉన్నప్పుడే ఒకటి అక్కడే తినండి, డబ్బాలో వచ్చేది ఆ రుచి ఉండదు.

సాయంత్రం మంగినపూడి. అమ్మాయి చేతికి ఓ పొడుగాటి వెదురు కర్ర ఇచ్చి, మోకాళ్ల లోతు దాటకుండా, మీరు పక్కనే ఉండి, అడుగులో గుచ్చమనండి. ఎంత దిగిందో గుర్తు పెట్టి, ఇంకో పది అడుగులు పోయి మళ్లీ గుచ్చమనండి. చివర అంటుకున్న బురద వేళ్ల మధ్య నలిపి చూడమనండి. తరవాత ఒడ్డుకొచ్చి, దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత చూపించి, నాలుగైదు మైళ్లంటే ఆ గీతకి ఇంకా కొంచెం అవతల, గోల్కొండ ఓడలు నిలిచింది అక్కడేనని చెప్పండి.